నల్లాలు తక్కువైన యింట నివాసము

నల్లా త్రిప్పినంతనే నీరు వచ్చు నిండ్లలో పెరిగిన పిల్లలు ఆ నీరెచ్చటనుండి వచ్చుచున్నదో, వాడిన పిమ్మట నెచ్చటికి బోవుచున్నదో సాధారణముగా నాలోచింపరు. అది వారి దోషము గాదు. గొట్టములు గోడలలోను నేలలోను దాగియుండుటచేత కంటికి గానరాని దానిని మనస్సు మరచుట సహజము. కాని గొట్టములు బొత్తిగా లేని యింటికో, ఉన్నను కొద్దిగా మాత్రమే యున్న యింటికో పోయి పది దినములుండవలసి వచ్చినప్పుడు ఈ రెండు ప్రశ్నలును నిద్ర లేచినది మొదలు మన యెదుట నిలుచును. అట్టి యింట నెట్లు నివసింపవలయునో, అచ్చటి నీటిపనులు ఏ సూత్రముల ననుసరించి జరుగునో యీ వ్యాసమున వివరింప బూనితిమి. సర్కారు జిల్లాలవారు కొళాయి యనుదానినే హైదరాబాదువారు నల్లా యందురు. మేము తార్నాకలో నేర్చిన మాటనే వాడుచున్నాము.

ఈ విషయమును గూర్చి వ్రాయుట కొక కారణము గలదు. మా పూర్వవిద్యార్థులలో ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టము పొంది, ఉద్యోగార్థము అమెరికా, కెనడా దేశములకు బోయినవారు పలువురు గలరు. వారిలో గొందరు వేసవి సెలవులలో ఆ దేశముల యుత్తర భాగమున, సరస్సుల యొడ్డున నడవులలో నుండు చిన్న కొయ్యయిండ్లను అద్దెకు దీసికొని వారము పదిదినములు గడపుచుందురు. వానిని కేబిన్లందురు. అందు గొన్నిటిలో సకల సౌకర్యములు నుండును. గొన్నిటిలో వంటయింటి ప్రక్క నొక చేతిపంపు, ఇంటికి వెనుక నిరువది ముప్పది గజముల దూరమున నొక చెక్క పాయిఖానా, స్నానమునకు పొయ్యిమీద గాచుకొనిన నీరు, ఇంతే. ఫిన్లాండు దేశమున ఇట్టి వేసవి కుటీరములు సుమారు 5 లక్షలు గలవు. వానిలో ననేకములకు నేటికిని గొట్టపు నీరు లేదు. పూర్వవిద్యార్థి యొకని తల్లి యీ సంగతి విని మాతో, “సారూ, గంత దూరం పోయి, గన్ని పైసలు వోసి, బావినీళ్లు తోడుకునుడు ఎందుకు?” అని యడిగెను. ఆమె చిన్నతనమంతయు నీళ్లు మోసినది గనుక ఆ ప్రశ్న న్యాయమైనదే.

ఉత్తరపు కేబినును గూర్చి తెలిసికొనుటకు ఉత్తరమునకే పోవలసిన పనిలేదు. తార్నాకలోను, విశ్వవిద్యాలయ ప్రాంగణములోను ఆ పాఠమునకు వలసిన వస్తువులన్నియు గలవు. తార్నాక యనునది తార్, నాకా యను రెండు మాటల కలయిక యనియు, పూర్వమిచ్చట నొక తోటచుట్టు ముళ్లతీగ కంచెయు, కావలి నాకాయు నుండుటచే ఆ పేరు వచ్చినదనియు పెద్దలు చెప్పుదురు. దాని ప్రక్కనే యున్న అడిక్‌మెట్ భూములలో విశ్వవిద్యాలయము వెలసినది. 1918లో గన్‌ఫౌండ్రీ ప్రాంతమున నారంభమైన ఆ విద్యాసంస్థకు స్థిరమైన చోటు వెదకిన వారిలో పట్టణ నిర్మాణ శాస్త్రజ్ఞుడైన పాట్రిక్ గెడ్డిస్ ఒకడు. ఆర్ట్సు కళాశాలకు 1934 జూలై 5వ తేదీన పునాదిరాయి వేసిరి. 1939 డిసెంబరు 4వ తేదీన ఆ భవనము ప్రారంభమయ్యెను. ఆ భవనపు గోడలలోని రాయియు, ఆ ప్రాంగణమున నెటు చూచినను నేలనుండి పైకి లేచియున్న బండలును ఒకటే జాతివి, అనగా గ్రానైటు. ఈ బండను విద్యార్థులు జ్ఞాపకమునం దుంచుకొనవలయును. ముందు దీనితో మనకు బని గలదు.

ఆ ప్రాంగణములోనే విశ్వవిద్యాలయముకంటె మిక్కిలి పాతదైన మెట్లబావి యొకటి యున్నది. అడిక్‌మెట్ జాగీరును అనుభవించిన ఉర్దూ కవయిత్రి మహ్‌లఖాబాయి చందా (1768–1824) పేరుతో దానిని బిలుతురు. పూడిపోయి చెత్తకుప్పయై యున్న దానిని ఇటీవలి సంవత్సరములలో శుభ్రపరచి బాగుచేసిరి. మెట్లబావి యందలి యుపాయము మిక్కిలి తేలికైనది. వానలకు నీరు పైకి వచ్చినను, ఎండలకు లోతునకు దిగినను, మనిషి తన కాళ్లతో నీటివరకు దిగి బిందె ముంచుకొనవచ్చును. చేంతాడు, గిలక యక్కరలేదు. కాని నిండిన బిందెను ఆ మెట్లన్నియు నెక్కి పైకి దెచ్చుట యెవరి పని యనునది బావి చెప్పదు.

నగరమున గొట్టపు నీటి చరిత్ర అంత పాతది గాదు. 16వ శతాబ్దమున ద్రవ్వించిన హుస్సేన్ సాగరు నీరు చిరకాలము త్రాగుటకు వాడిరి. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి వేలకొలది జనులను బొట్టన బెట్టుకొనిన పిమ్మట నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించెను. ఆయన సలహా ననుసరించి వరదను నిలుపుటకును నీటిని నిలువ చేయుటకును రెండు చెరువులు గట్టిరి. ఉస్మాన్ సాగరు 1920లో, హిమాయత్ సాగరు 1927లో పూర్తియయ్యెను. మొదటిదానిని జనులు గండిపేట యందురు. గండిపేట నీటి రుచిని పొగడని పాత హైదరాబాదీ లేడు. అవి నగరమునకంటె నెత్తున నుండుటచే నీరు తన బరువుచేతనే దిగివచ్చెడిది. జనము పెరుగగా 1965లో మంజీరానదిని, 2004లో కృష్ణను, 2015లో గోదావరిని నగరమునకు దీసికొనివచ్చిరి. కృష్ణా గోదావరులు వందకు మించిన కిలోమీటర్ల దూరమునుండి యంత్రములచే ఎత్తులమీదికి ద్రోయబడి వచ్చుచున్నవి. మనము మోయుట మానితిమి గాని నీటి బరువు తగ్గలేదు. ఆ బరువును విద్యుచ్ఛక్తి మోయుచున్నది.

ఇప్పుడు లెక్కకు వత్తము. పట్టణవాసి కొకనికి దినమునకు 135 లీటర్ల నీరుండవలయునని మనదేశపు ప్రమాణము. ఐదుగురున్న యింటికి 675 లీటర్లు. బిందెకు 15 లీటర్లు పట్టునను లెక్కను 45 బిందెలు. లీటరు నీరు కిలోగ్రాము తూగును గనుక, బిందెల బరువు విడిచినను, 675 కిలోల బరువు ప్రతిదినమును ఎవరో ఒకరు మోయవలయును. ఇది యసాధ్యము. కనుక నీరు మోయు నింట నెవరును 135 లీటర్లు వాడరు. మనిషికి 40 లీటర్లు చొప్పున సరిపెట్టుకొనినను ఐదుగురికి 200 లీటర్లు, అనగా పదునాలుగు బిందెలు. పంపు ముప్పది గజముల దూరమున నున్నచో, పోవుటయు వచ్చుటయు గలిపి 840 గజముల నడక, అందు సగము తలమీదనో చంకనో 15 కిలోల బరువుతో. ఇదియంతయు వంటకు ముందే. తెలుగు గ్రామములలో ఈ నడక నడచినవారెవరో చెప్పనక్కరలేదు. బడి గంట మ్రోగునప్పటికి ఆడుపిల్లలు బావివద్ద వరుసలో నిలుచుటయు, మగపిల్లలు తరగతిలో మొదటి వరుసలో గూర్చుండుటయు మా తల్లుల తరమువారు ఎరిగిన సంగతియే.

మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిన సంవత్సరమున తార్నాకలో నొక పాతయింటి పెరటి గదిలో నద్దెకుంటిమి. వరుసగా నాలుగు గదులు, వానికన్నిటికి గలిపి యొకటే నల్లా. అది దినము విడిచి దినము ఒక గంట వచ్చెడిది. తక్కిన వేళల పెరటిలోని చేదబావియే దిక్కు. ఇంటి యజమానురాలు ఎనుబదియేండ్ల వృద్ధురాలు. ఆమె మాకు నేర్పిన నీటి క్రమము శిక్షణ కళాశాలలో వినిన గృహశాస్త్రోపన్యాసములకంటె నెక్కువగా నుపయోగపడెను. నల్లా రాగానే మొదట త్రాగునీటి కుండ, తరువాత వంటయింటి గంగాళము, పిదప స్నానపు గోలెము, చివర దొడ్డి తొట్టి నింపవలయును. ఈ వరుస తప్పరాదు. నల్లా ఎప్పుడాగునో తెలియదు గదా. బియ్యము కడిగిన నీరు మొక్కలకు, బట్టల రెండవ జాడింపు నీరు గచ్చు కడుగుటకు, గచ్చు కడిగిన నీరు మోరీ తోయుటకు. ముంచు పాత్ర వేరు, త్రాగు పాత్ర వేరు. చేయి కుండలో ముంచినవారికి ఆమె చీవాట్లు తప్పవు. స్నానమునకు మనిషికి ఒక బకెట్టు, తలంటు దినమున రెండు. మొదటి వారము మా కది కష్టముగా దోచెను. నెల తిరుగునప్పటికి ఒక బకెట్టులో మిగిలిన నీటితో తువాలును కూడ నుతికికొనుచుంటిమి. చల్లుధార క్రింద నిలిచి పది నిమిషములు స్నానము చేయువాడు నూరు లీటర్ల వరకు నీరు పారబోయునని తరువాత లెక్క గట్టి ఆశ్చర్యపడితిమి.

కేబినుకు బోవువారికిని ఇదే క్రమము. అయితే అచ్చటి చేతిపంపు మన వీధిలోని బోరుపంపు వంటిది గాదు. ఈ భేదము తెలియక అనేకులు పంపు చెడిపోయినదని భ్రమపడుదురు. మనదేశమున 1970 తరువాత రూపొందిన ఇండియా మార్క్ రెండవ రకపు పంపులో, నీటిని ఎత్తు స్తంభకము నేలలో లోతుగా, నీటిమట్టమునకు దిగువన నుండును; పైనున్న పిడి దానిని పొడవైన కడ్డీలతో నాడించును. అందుచే చాల లోతునుండియు నీరు వచ్చును. కేబిను వంటయింట నుండు చిన్న పంపులో స్తంభకము పైననే, పిడి క్రిందనే యుండును. అది గాలిని పీల్చి ఖాళీ చేయగా, బయటి వాతావరణపు బరువు నీటిని గొట్టములోనికి ద్రోయును. వాతావరణపు బరువు 10 మీటర్ల యెత్తు నీటిస్తంభమును మాత్రమే నిలుపగలదు. ఆచరణలో 7 మీటర్లకు మించి లాగుట కష్టము. ఇట్టి పంపులోని తోలు బిళ్ల యెండిపోయినచో గాలి ప్రక్కలనుండి చొరబడి పీల్పు నిలువదు. పైనుండి చెంబెడు నీరు పోసి తోలు తడిపి పిడి కొట్టిన వెంటనే నీరు వచ్చును. కాబట్టి పంపు ప్రక్కన ఎల్లప్పుడు నొక చెంబు నీరు నిలువ యుంచవలయును. ఆ చెంబును త్రాగి వేసిన వానికి సరస్సువరకు నడక తప్పదు.

త్రాగునీటి సంగతి. ఉత్తరపు సరస్సులు అద్దమువలె నిర్మలముగా గాన్పించును. నీరు తేటగా నుండుట శుద్ధికి గురుతు గాదు. ఆ యడవులలోని జంతువుల మలమువలన జియార్డియా యను సూక్ష్మజీవి నీటిలో జేరి వారములకొలది విరేచనములు గలిగించును. 1854లో లండను నగరపు బ్రాడ్ వీధి పంపునీరు త్రాగి కలరాచే జనులు చచ్చినప్పుడు, ఆ నీరు కంటికి మంచిదిగానే యుండెను. జాన్ స్నో అను వైద్యుడు ఆ పంపు పిడిని దీయించి, పిమ్మట చచ్చినవారి యిండ్లను పటమున గుర్తించెను. నీరు కుతకుత నుడుకుట మొదలిడిన పిమ్మట ఒక నిమిషము, 2000 మీటర్లకు మించిన కొండలమీద మూడు నిమిషములు కాచిన జాలును. తార్నాకలో నీరు 100 డిగ్రీలు కాక 98 డిగ్రీల సమీపముననే యుడుకును. సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైగా మనముండుటయే కారణము. ఆ రెండు డిగ్రీల లోపమువలన నేమియు హానిలేదు. అయితే కాచుట అన్నిటికి మందు గాదు. నల్లగొండ జిల్లా బావులలోని ఫ్లోరైడు కాచుటచే బోదు. నీరు ఆవిరియై తగ్గినకొలది ఉప్పు చిక్కబడినట్లు అది చిక్కబడును. తార్నాక సమీపమునకు 1958లో కూనూరునుండి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు, ఫ్లోరైడు నీరు త్రాగిన గ్రామములలో పిల్లల మోకాళ్లు వంకరపోవుటను గూర్చి 1973లో ప్రకటించిరి. ఏ ప్రాంతపు నీటిలో నేమున్నదో ఆ ప్రాంతమువారి నడిగి తెలిసికొనుట మేలు.

ఇంతవరకు నీరు లోనికి వచ్చుట. బయటికి బోవుటను గూర్చి మాటలాడుటకు మనవారు సిగ్గుపడుదురు. సిగ్గువలన నజ్ఞానము మిగులును గనుక మేము సిగ్గుపడము.

మరుగుదొడ్డి గొట్టమునకు వంపు ఎందుకుండునో చూచితిరా? ఆ వంపులో ఎల్లప్పుడు గుక్కెడు నీరు నిలిచియుండి, క్రింది దుర్వాయువును పైకి రానీయక మూతవలె అడ్డును. 1775లో అలెగ్జాండరు కమింగ్ అను గడియారముల పనివాడు దీనికి హక్కుపత్రము పొందెను. ఇంతకంటె చౌకయైన తలుపు లోకమున లేదని మా యభిప్రాయము. నెలలకొలది వాడని యింట ఆ నీరెండిపోయి దుర్గంధము వచ్చును. రెండు చెంబుల నీరు పోసిన పోవును. వంపు దాటిన మురుగు, వీధి గొట్టము లేని చోట, సెప్టిక్ టాంకులో బడును. అచ్చట బరువైనది అడుగునకు దిగును, జిడ్డు పైకి దేలును, నడుమనున్న నీరు మాత్రము ఇంకుడు గుంటకు బోవును. గాలి తగులని చోట బ్రదుకు సూక్ష్మజీవులు అడుగు మట్టిని కొంతవరకు జీర్ణించును. వంటనూనె, గుడ్డలు, ప్లాస్టిక్కు సంచులు వాటికి ఆహారము గావు.

ఇప్పుడు మేము జ్ఞాపకముంచుకొనుమన్న బండ అవసరమగుచున్నది. ఇంకుడు గుంట పని చేయవలెనన్న నీటిని పీల్చు మన్ను కావలయును. తార్నాకలోను ప్రాంగణములోను చాలచోట్ల రెండు మూడడుగుల మన్ను క్రింద బండయే. మురుగునీరు ఇంకక, బండ బీటలవెంట బారి, ప్రక్కనున్న బావిని జేరవచ్చును. మిన్నెసోటా యుత్తరభాగము, కెనడాలోని ఒంటారియో మొదలగు కేబినుల సీమలలో ఎక్కువభాగము ఇట్టిదే. ఆ బండసీమను కెనడా కవచమందురు. మన గ్రానైటువలెనే అదియు సుమారు 250 కోట్ల సంవత్సరములు, లేక అంతకు మించిన వయస్సు గలది. దానిపైని మన్ను పలుచన. ఉత్తరపు కేబిన్లలో మరుగుదొడ్డి గొట్టము తరచుగా లేకుండుటకు బీదతనమో, అడవిలో నుండు సరదాయో మాత్రమే కారణము గాదు. బండలో గొయ్యి తవ్వుట కష్టము, తవ్వినను నీరింకదు. అందుచే నీరు పోయని పొడి దొడ్డిని వాడుదురు. వాడిన ప్రతిసారియు గుప్పెడు రంపపు పొట్టునో బూడిదనో చల్లుదురు. పొడిగా నున్నంతకాలము వాసన తక్కువ; ఈగలు ముసరవు. మనవారికి ఇచ్చట నొక చిక్కు గలదు. చెంబునీరు లేనిదే మనకు శుచి గలుగదు, నీరు పోసిన ఆ దొడ్డి చెడును. ఒక పూర్వవిద్యార్థిని మాకు వ్రాసిన యుపాయము బాగుగా నున్నది. ఆమె గృహస్థు ననుమతి యడిగి, శుచికి వాడు కొద్దిపాటి నీరు వేరు పాత్రలో పడునట్లు చేసికొని, దానిని సరస్సునకును పంపునకును దూరముగా నున్న మురుగుతొట్టిలో పోసెనట. అడుగుటకు మొదట బిడియపడెను గాని, అడిగిన పిమ్మట ఆ గృహస్థు తనకీ యాలోచన యిదివరకు దోచలేదని సంతోషించెనని వ్రాసినది.

మన దేశమున బిందేశ్వర్ పాఠక్‌గారి సులభ సంస్థ 1970 తరువాత ప్రచారము చేసిన రెండుగుంటల దొడ్డి, పొడి దొడ్డికిని నీటి దొడ్డికిని మధ్యస్థము. రెండు లీటర్ల నీటితో సరిపోవును. ఒక గుంట నిండిన పిమ్మట మురుగును రెండవదానిలోనికి మరల్చుదురు. మొదటిది రెండేండ్లు మూసియుంచిన నది ఎరువగును. చేతితో నెత్తినను మట్టికంటె వేరు గాదు.

ఆ మూసియుంచు కాలము మనుష్యులకు జేసిన యుపకారమును గ్రహింపవలెనన్న పూర్వపు పద్ధతి తెలియవలయును. పాతకాలపు బంగళాలలో స్నానపుగదికి బయటి వైపున వేరొక తలుపుండుట కొందరు విద్యార్థులు చూచియే యుందురు. తార్నాకలో మేముండిన యింటి వెనుక గోడలో, నేలకు జేరువగా అడుగున్నర చదరపు రంధ్రమును ఇటుకలతో మూసి సున్నము పూసిన గురుతు గలదు. అది యేమని యజమానురాలి నడిగితిమి. గొట్టములు వేయకముందు తెల్లవారకమునుపే ఒక స్త్రీ సందులో వచ్చి, ఆ రంధ్రముగుండ తట్ట లాగి, బూడిద చల్లి, తలమీద నెత్తుకొనిపోయెడిదట. ఎన్ని సంవత్సరములు వచ్చినదన, ఇరువది సంవత్సరములకు తక్కువ గాదనెను. ఆమె పేరేమని యడిగితిమి. వృద్ధురాలు చాలసేపు ఆలోచించి, “పేరు ఎవ్వరం అడగలే బిడ్డా” అని లోపలికి బోయెను. నీళ్ల బిందెలవారి పేర్లన్నియు ఆమెకు జ్ఞాపకమున్నవి.

ఒక కులమున పుట్టినందువలన మాత్రమే ఈ పని మెడకు చుట్టుకొనిన కుటుంబములు మన దేశమున లక్షలు. కోలారు బంగారు గనులలో అట్టి కుటుంబమున జన్మించిన బెజవాడ విల్సన్‌గారు ఈ వృత్తిని మాన్పించుటకు సఫాయి కర్మచారీ ఆందోళనమను సంఘమును నడపి 2016లో మెగసెసే బహుమానము పొందిరి. 1993లో పొడి పాయిఖానాలను చేతితో నెత్తించుటను నిషేధించుచు పార్లమెంటు శాసనము చేసెను. 2013లో మరియొక శాసనము సెప్టిక్ టాంకులలోను మురుగు గొట్టములలోను రక్షణ సాధనములు లేక మనుష్యులను దింపుటను గూడ నేరముగా నిర్ణయించెను. అట్లు దిగి మరణించినవారి కుటుంబమునకు 10 లక్షల రూపాయ లియ్యవలెనని సుప్రీంకోర్టు 2014లో తీర్పు చెప్పి, 2023లో దానిని 30 లక్షలకు బెంచెను. టాంకులో కంటికి గానరాని విషవాయువు లుండును. మొదట దిగినవాడు పడిపోవ, వానిని రక్షింప దిగిన రెండవవాడును మూడవవాడును పడిపోవుట వార్తాపత్రికలలో నేటికిని జదువుచున్నాము. కావున మీ యింటి టాంకు నిండినప్పుడు యంత్రపు బండిని మాత్రమే పిలువుడని మీ తలిదండ్రులతో చెప్పుడు. మనిషి దిగెదనన్నను, తక్కువ కూలికి దిగెదనన్నను, దిగనీయరాదు.

ఉత్తరపు పొడి దొడ్డి మనదేశపు పాత పొడి పాయిఖానా వంటిదే గదా యని యొక విద్యార్థి తరగతిలో నడిగెను. నిర్మాణమున రెండును దగ్గరి చుట్టములే. భేదమెచ్చటనన, కేబినులో ఆ పని ఎక్కువగా యజమానుడే చేసికొనును. గుంట నిండినచో పారతో ప్రక్కన వేరొక గొయ్యి తవ్వి, చెక్కగదిని దానిమీదికి జరిపి, పాతదానిని మన్నుతో గప్పును. వైద్యుడైనను న్యాయవాదియైనను తన కేబినులో తానే చేయును; ఆ పార పట్టుట చేత వాని పిల్లలకు సంబంధములు తప్పిపోవు.

ఇక చలిని గూర్చి కొంచెము. నూరు భాగముల నీరు గడ్డకట్టి సుమారు 109 భాగముల స్థలమాక్రమించును. ఇనుప గొట్టమైనను ఆ బలమున కాగదు. ఉత్తర మిన్నెసోటాలో శీతకాలమున నేల అయిదడుగుల లోతువరకు గడ్డకట్టును గనుక గొట్టములను అంతకంటె లోతున వేయవలయును. బండమీద నది సాధ్యము గాదు. కాబట్టి శరత్కాలము చివర కేబిను మూయునప్పుడు గొట్టములలోని నీటినంతయు దింపి, చేతిపంపులోని నీటిని జార్చి, వంపులలో గడ్డకట్టని ద్రవమును పోసి పోవుదురు. గొట్టములు తక్కువైనకొలది ఈ పనియు తక్కువ. ఆ యిండ్లలో నల్లాలు తక్కువగా నుండుటకు ఇదియు నొక కారణము. తార్నాకవారికి ఈ బెడద లేదు. మనకు మే నెలలో బోరు ఎండుటయే బెడద.

విద్యార్థులారా, ఈ వేసవి సెలవులలో మీ రొకపని చేయవలయును. ఒక దినమున సూర్యోదయము మొదలు రాత్రి నిద్రించువరకు మీ యింట వాడిన నీటిని బకెట్టుతో కొలిచి వ్రాసికొనుడు. పట్టికలో నాలుగు గడులు గీయుడు. మొదటి గడిలో ఎందులకు వాడిరి, రెండవదానిలో ఎన్ని లీటర్లు, మూడవదానిలో వాడిన నీరెచ్చటికి బోయెను, నాలుగవదానిలో దానిని మోసినవారి పేరు. యంత్రము మోసినచో యంత్రమని వ్రాయుడు. టాంకరు వచ్చినచో దానిని దెచ్చినవాని పేరును, మోరీ శుభ్రము చేయువారు వచ్చినచో వారి పేరును అడిగి తెలిసికొని వ్రాయవలెను. ఊడ్చే ఆమె యనియు, టాంకరు వాడనియు వ్రాసిన పట్టికను మేము తిరిగి యిచ్చివేయుదుము. పాఠశాల తెరచిన మొదటి వారమున పట్టికలు తెండు. అన్నిటిని గూడి నల్లబల్లపై లెక్క వేయుదము.